తాత అనుకున్న పురుగు

మా చిన్నప్పుడు... బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో దీపం పెట్టే వేళకి తెల్లటి అడ్డగీతలున్న గోధుమరంగు రెక్కల పురుగొకటి వచ్చి గోడమీద వాలేది. రైలింజన్ల షెడ్‌లో పనిచేసిన మా తాత పోయి అప్పటికింకా నెల కాలేదు. నేను చీపురెత్తగానే నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సంపకే! మీ తాతొచ్చినాడు."

అంతే... ఆ పురుగుకి రాజభోగం. రెక్కలు తెగుతాయని ఫ్యాన్ కట్టేసి ఉక్కపోతలో కూర్చునేవాళ్లం. నాన్నమ్మ దానితో కబుర్లాడేది. నాకు నవ్వొచ్చేది... కానీ ఆ కాసేపే ఆమె ఏడుపు మానేది.

పెరట్లో తాత చివరిసారి నాటిన వంగ మొక్కలున్నాయి. శ్రీకాకుళం దగ్గర మా ఊరి విత్తనం, ఇంకెక్కడా దొరకదు. "ఒక్క కాయ పండితే సాలు... ఇత్తనం దాసుకుంతాను," అనేది నాన్నమ్మ.

ఓ పొద్దున ఆకు వెనక గోధుమరంగు నూగు ముద్ద కనిపించింది. పురుగు గుడ్లని తెలియక పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి ఆకులు జల్లెడలయ్యాయి. పక్కనున్న కోని ఊరి నుంచి పాలు తెచ్చే ఆవిడ చూసి, "ఇల్లీ హే, నోనీ," అంది. ఇల్లీ అంటే గొంగళిపురుగు, నోనీ అంటే పాప. పగలు మట్టిలో దాక్కుంటుందని మొక్క మొదట్లో తవ్వి చూపించింది.

ఒకదాన్ని మట్టి పోసిన సీసాలో పెట్టి రోజూ ఆకులు వేశాను. సీతాకోకచిలుక వస్తుందని నా ఆశ. కొన్నాళ్లకి అది మట్టిలో దూరి, ఖర్జూరం గింజలా ఎర్రగా బిగుసుకుపోయింది. ఈలోగా పెరట్లో ఆకూ మిగల్లేదు, కాయా మిగల్లేదు.

పది రోజుల తర్వాత సీసాలో... అవే గోధుమ రెక్కలు, అవే తెల్లటి అడ్డగీతలు. పిచ్చిదాన్ని, మంచి కబురనుకుని పరిగెత్తాను.

"నాన్నమ్మా... తాత!"

ఆమె సీసాలోకి చూసింది. గోడమీద వాలిన పురుగుని చూసింది.

"ఆయన మొక్కల్ని మనమే మేపించినామేటే?" అంది.

రెండు పురుగుల్నీ నేలమీద వేసి కాలితో నలిపేసింది. తర్వాత కుళాయి దగ్గర కూర్చుని తలారా నీళ్లు పోసుకుంది. చావు మైలకి పోసుకున్నట్టే... నన్నూ పిలిచి పోసింది. రెండు నెలల్లో మా ఇంట్లో అది రెండో చావు స్నానం. ఆ సీసా చూపించడం నేను చేజేతులా చేసిన పాపమని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మొన్న మా అమ్మాయి గోడమీది పురుగుని ఫోన్‌లో ఫొటో తీసి, పేరు వెతికి, "పొగాకు లద్దె పురుగట... మార్ దూఁ, అమ్మా?" అంది. చంపెయ్యనా అని అడుగుతోంది.

మీ ఇళ్లలో పోయినవాళ్లు ఏ రూపంలో వచ్చేవారు? చెప్పండి... ఇప్పుడు దీపానికి ఏ పురుగొచ్చినా పేరు తెలిసిపోతోంది. ఎవరొచ్చారో చెప్పేవాళ్లే లేరు.