మస్తాన్ మావయ్య అంబులెన్సు లైట్లు

ఈ ఉదయం గుడివాడలోని నా షెడ్డులో కొత్త ఎల్‌ఈడీ లైట్ల పెట్టె విప్పగానే రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, బందరులో మస్తాన్ మావయ్య షెడ్డు, దాని గుమ్మం పక్కన ఉప్పునీళ్ళ బకెట్టు కళ్ళముందు నిలుస్తాయి. ఆయన నాకు చుట్టం కాదు, పని నేర్పిన యజమాని. అంబులెన్సులకు వైరింగు చేసి, పైన మెరిసే హెచ్చరిక లైట్లు బిగించేవారు. ఏ కంపెనీ లైటైనా ముందు రెండు రోజులు ఆ బకెట్టులో మునగాల్సిందే. పాలకాయతిప్ప నుంచి క్యానులో తెప్పించిన సముద్రపు నీళ్ళవి. "మన బండ్లు తిరిగేది ఉప్పుగాలిలో అమ్మాయ్. అట్టపెట్టె మీద రాసింది సముద్రం చదవదు" అనేవారు. డిప్లొమా పొగరుతో చేరిన నేను అదంతా చాదస్తమని చాటుగా నవ్వుకునేదాన్ని.

రెండో ఏడు, నాగాయలంక వైపు తిరిగే ఒక అంబులెన్సుకు లైట్లు ఎంచే పని నాకే వదిలేశారు. పొంగిపోయాను. అన్నిటికంటే జిగేల్‌మనేవి, పన్నెండు రకాలుగా మెరిసేవి తెచ్చాను. బకెట్టు పరీక్ష నెగ్గాయి, బండివాళ్ళు ముచ్చటపడ్డారు. మావయ్య మాత్రం "మంచులో చూశావా?" అన్నారు.

"బండివాళ్ళకే నచ్చాయిగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు మావయ్యా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. మర్నాడు పొద్దున్నే, మంచు విడవకముందే బండిని కాలవగట్టు మీద నిలిపి లైట్లు వేయించారు. నన్ను దూరం నుంచి స్కూటీ మీద ఎదురు రమ్మన్నారు. ధనుర్మాసం మంచు. దగ్గరయ్యేకొద్దీ ఆ మంచంతా నీలంగా మండిపోయింది. గట్టు అంచేదో, కాలవేదో తెలియలేదు. బ్రేకు వేసేలోపే స్కూటీ గట్టు దిగింది. తుంగలో పడ్డాను. ఇంకో బారెడు జారితే నీళ్ళలో ఉండేదాన్ని. మావయ్య పరుగున వచ్చి నా మోకాలికి తన తువ్వాలు కట్టారు.

"నిన్ను నడిచి రమ్మనాల్సింది, తప్పు నాదేనమ్మా" అన్నారు. స్కూటీని గట్టు మీదికి లాగుతూ, "లోపలున్న ప్రాణం కోసం పోతా ఎదురొచ్చేవాడి ప్రాణం తీస్తామా? వాడికి దారి కనపడితేనేగా మనకి దారిచ్చేది" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. తరవాత వారం రోజులూ అదే గట్టు మీద, ఈసారి కాలినడకన, ఒక్కో లైటుకూ ఎదురు వెళ్ళి చూశాను. చివరికి నింపాదిగా వెలిగి ఆరేవి, మంచులో వెలుగు తగ్గించుకునే స్విచ్చున్నవి ఎంచాను. బండి అప్పగించేటప్పుడు మావయ్య నా స్కూటీ సంగతి ఎత్తనే లేదు. "ఇవి మా అమ్మాయి ఎంచినవండీ" అని మాత్రం చెప్పారు.

రెండేళ్ళ తరవాత, నాగాయలంకలో కూతురింటికి వెళ్ళిన మావయ్యకు తెల్లారేసరికి గుండెనొప్పి వచ్చింది. ఆయన్ని బందరు తెచ్చింది నేను లైట్లు ఎంచిన ఆ బండే. ఆ పొద్దునా మంచే. నేను ఆసుపత్రికి పరుగెత్తేసరికి వరండాలో డ్రైవరు ఎదురయ్యాడు.

"ఏం మనిషండీ! ఆక్సిజన్ మాస్కు తీసి మరీ అడిగారండి, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకుంటున్నారా అని. బస్సు కూడా పక్కకి ఆగిందండీ అన్నాను. 'మా అమ్మాయి లైట్లు' అని కళ్ళు మూసుకున్నారు."

నా ప్రాణం పోయినంత పనైంది. "ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాను.

"లేచి టీ అడుగుతున్నారండి. నర్సమ్మ తిడతోంది."

ఆ తరవాత ఆయన ఇంకో నాలుగేళ్ళు బతికారు. నేను సొంత షెడ్డు పెట్టాను, మెప్పులూ దండిగానే దక్కాయి. ఇప్పటికీ ఏ లైటైనా ఎదురు నడిచి చూడకుండా బిగించను. ఎవరెంత మెచ్చుకున్నా, తన ప్రాణాన్ని నా పనికి అప్పజెప్పి నిశ్చింతగా కళ్ళు మూసుకున్నది మాత్రం ఆయనొక్కరే.