విమానానికి పెట్టిన మరకలు

ఇనుము ఎలా ముసలిదవుతుందో నాకు తెలిసినంత బాగా బోధన్‌లో ఇంకెవరికీ తెలియదని ఒకప్పుడు నాకు మహా గర్వం. ఆ విద్య నాకు చెరుకు లారీలు నేర్పాయి. సీజన్ మొదలైతే చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు, ఎడ్లబండ్లు వరసకట్టి నిలబడేవి. బడికి పోతూ వస్తూ ఒక్కో లారీ దగ్గర ఆగేవాణ్ని. రంగు ముందు ఎక్కడ లేస్తుంది, తుప్పు ఎక్కడ మొదలవుతుంది, డీజిల్ ట్యాంకు మూత కింద జిడ్డు కారి ఏ వంపు దగ్గర ఆగుతుంది అని వంగి వంగి చూసేవాణ్ని. ఎవరో ఆఫీసరు తనిఖీకి వచ్చాడనుకుని డ్రైవర్లు బీడీలు పారేసి లేచి నిలబడేవాళ్లు. నేను వట్టి డ్రాయింగు మాస్టర్ని.

ఈ చూపంతా విమానాల కోసం. కర్రతో చిన్న చిన్న యుద్ధ విమానాలు చెక్కి రంగులు వేయడం నా పిచ్చి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర తెప్పించుకునేవాణ్ని, అది చాకుకు వెన్నలా తెగుతుంది. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి సందులు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, నిజామాబాద్ నుంచి తెచ్చిన వెండిరంగు పూస్తే మూరెడు జెట్టు విమానం తళతళలాడేది. చాలా రోజులు దానితోనే మురిసిపోయాను. తర్వాత చిత్తుకాగితాల దుకాణంలో ఒక పాత విదేశీ పత్రిక దొరికింది. అందులో ఎవరో దొరలు ఇలాంటి బొమ్మలే చేసి, వాటికి కావాలని మసి, జిడ్డు, గీతలు పెట్టి యుద్ధం చూసి వచ్చినట్టు తయారు చేశారు. ఆ బొమ్మల ముందు నా విమానాలు పెండ్లికొడుకుల్లా కనబడ్డాయి. ఒళ్లు మండిపోయింది.

ఆ దొరలకు ఏ రంగులు దొరికేవో నాకు తెలియదు. నాకు దొరికినవి నేను వాడాను. తోక దగ్గర పొగ కోసం కందిలి దీపం మసి. రెక్కల మీద దుమ్ముకు, మా ఊళ్లో ఆరేసిన బట్టల మీద రాలే ఫ్యాక్టరీ బూడిద. జిడ్డు కారినట్టు కనబడాలంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి చెరుకు మడ్డి. సన్నటి కుంచెతో మడ్డి చుక్క పెట్టి విమానాన్ని నిలబెడితే అదే మెల్లగా జారి, ఎండి, అచ్చం లారీ ట్యాంకు కింద మరకలాగే మిగిలేది. దాన్ని చూసుకుని నేను పడిన సంబరం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాకు ఈ విమానాల పిచ్చి అంటించినవాడు నా చిన్ననాటి దోస్తు. నేను చందూరు నుంచి చదువు కోసం బోధన్ వచ్చి, వాళ్ల గల్లీలో ఒక అర్ర తీసుకుని ఉన్నప్పటి నుంచి మాకు స్నేహం. వాళ్లది కళాయి పోసే ఇల్లు. తండ్రి పోయాక వాళ్లమ్మే వాకిట్లో కొలిమి పెట్టుకుని ఊరివాళ్ల రాగి గిన్నెలకు, ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత పోసేది. నేనామెను ఖాలా అనేవాణ్ని, వాళ్ల మాటలో పిన్ని. మా ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు అట్టలై నేను నములుతూ కూర్చుంటే, చెవి పట్టుకుని లాక్కుపోయి ఖిచిడీ, పుల్లటి ఖట్టా పెట్టిన చెయ్యి ఆమెది. మా అమ్మ తర్వాత నా ఆకలి ఎరిగిన మనిషి ఆమే.

ఖాలాకు ప్రపంచంలో ఒకటే శత్రువు, కిలుం. తగరం పూత అరిగిపోయిన గిన్నెలో పచ్చగా పట్టే ఆ విషాన్ని చూస్తే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. పెండ్లికి వంట గిన్నెలు తెచ్చినవాళ్లను వాకిట్లోనే నిలబెట్టి కడిగేసేది.

"గిట్ల మరకలు పడ్డ గిన్నెల వండుతరా? తిన్నోళ్లు మళ్ల లేస్తరా? మనుషుల పానాలంటే లెక్క లేదా మీకు?"

ఆ గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ ఆనించి దూదితో ఒక్కసారి చుట్టి తిప్పేది. తెల్లటి పొగ లేచి, గిన్నె అద్దమయ్యేది. అప్పుడు గానీ ఆమె మొహం తేరుకునేది కాదు. ఆ ఇంట్లో మరక అంటే నిర్లక్ష్యం, నిర్లక్ష్యం అంటే చావు. ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసీ నేను ఆ ఇంటికే మరకల విమానం తీసుకుపోయాను.

దోస్తు ఎయిర్‌ఫోర్సులో విమానాల మెకానిక్కుగా చేరాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా సిగరెట్టు పెట్టె మీద విమానం బొమ్మ గీసి ముక్కు ఎట్లుంటుంది, రెక్క ఎక్కడ మొదలవుతుంది అని చెప్పేవాడు, నేను చెక్కేవాణ్ని. ఒక ఏడు వానాకాలంలో వచ్చినప్పుడు, నా మొట్టమొదటి మరకల విమానాన్ని గుడ్డలో చుట్టి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మస్తుగ చేసినవ్ బే" అని మాత్రం అని తీసుకుపోయి, ఇంట్లో మెరిసే గిన్నెలు బోర్లించే గూట్లో పెట్టాడు.

చెరుకు మడ్డికి చీమలు పట్టాయి. ఖాలా చీమల బారు వెంట చూపు పోనిచ్చి గూటిదాకా వెళ్లింది. విమానం తీసి కళ్లకు దగ్గర పెట్టుకుని చూసింది. తోక నల్లగా మాడి ఉంది, రెక్కల మీద రంగు లేచినట్టు బూడిద పట్టి ఉంది, ఎడమ రెక్క మొదట్లో ఏదో కారి ఉంది. ఆమె కొడుకు రాత్రింబవళ్లు పనిచేసే యంత్రం అది. దాన్ని గీసి చూపింది కొడుకే, చేసింది అబద్ధాలాడని సారు. ఇంక ఆమెకు వేరే రుజువు దేనికి?

వాడి ఇనప పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని గడపలో కూర్చుంది. కిలుం పట్టిన విమానాల దగ్గరికి కొడుకును పంపేది లేదంది. కొలిమి ఉంది, గిన్నెలు ఉన్నాయి, ఇక్కడే బతుకుతాడంది. వాడు ఎంత చెప్పినా ఒకటే మాట.

"నాకు చదువు రాదు. పూత పోయిన సామాను సంగతి నాకు చెప్పకు."

సెలవు అయిపోవచ్చింది. వేళకు పోకపోతే వాణ్ని పట్టుకుపోవడానికి మనుషులు వస్తారు, జైల్లో పెడతారు. వాడు చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పెట్టిన చిచ్చు, నువ్వే ఆర్పు. గా మరకలన్నీ ఉత్తయే అని అమ్మీకి చెప్పు. నా మాట ఇంటలేదు, నీ మాట ఇంటది."

"ఉత్తయేనా?" అన్నాను.

వాడు వాకిట్లోకి చూస్తూ గోడ సున్నం గోటితో గీశాడు. "నువ్వు చెప్పు, సాలు" అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. అడిగితే వాడు చెప్పేవాడే. అడగకుండా ఉండడం నాకు సులువుగా ఉంది, అంతే.

కిరసనాయిలు సీసా, పాత గుడ్డ పట్టుకుని ఖాలా ముందు కూర్చున్నాను. "చూడు ఖాలా, ఇవి నేను పెట్టినవి. ఇది మీ కందిలి మసిలాంటి మసే, ఇది మన ఫ్యాక్టరీ మడ్డి. అసలు విమానాలు ఇట్లుండవు. వెండిగిన్నెల్లా ఉంటాయి" అని ఒక్కో మరక తుడిచి చూపించాను. కింద నుంచి వెండిరంగు బయటపడుతుంటే ఆమె మొహం నా కళ్లముందే తేటపడింది. అంతా అయ్యాక ఎడమ రెక్క మొదట్లోని మచ్చ మొండికేస్తే, ఆమే గుడ్డ లాక్కుని చింతపండు గుజ్జుతో తోమి పోగొట్టింది.

"లేని మరక ఎందుకు పెట్టినవ్ బేటా?"

"అందం కోసం ఖాలా."

"మరక అందమా! సదువుకున్నోళ్లకు పనిలేక గిట్లనే అనిపిస్తది" అని నవ్వి కొంగుముడి విప్పింది.

మర్నాడు నిజామాబాద్ బస్సు దగ్గర వాణ్ని సాగనంపాను. పెట్టె బస్సు మీదికి ఎక్కించాక వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒకటడుగుత చెప్పు. ఎడమ రెక్క మొదట్ల కారుతదని నీకెట్ల తెల్సిందిర?"

"చెరుకు లారీ ట్యాంకు చూసి పెట్టాను" అన్నాను.

"సరిగ్గ గాడనే. మేం ఎంత బిగించినా మళ్ల కారుతది" అని బస్సెక్కాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. పరుగెత్తుకుపోయి ఖాలాకు చెప్పాలనిపించింది. చెప్పినా ఇప్పుడు చేసేదేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని, హోటల్లో చాయ్ తాగి బడికి పోయాను.

రంజాను ముందు ఊరి గిన్నెలన్నీ కళాయికి వచ్చే రోజుల్లో ఖాలా విమానం పట్టుకుని నా అర్రకు వచ్చింది. పండుగకు గిన్నెలు మెరిస్తే సరిపోతుందా, దీనికీ ఒక పూత వెయ్యి అంది. వేశాను. ఎడమ రెక్క మొదట్లో మాత్రం రెండు పూతలు వేశాను. ఆమె దాన్ని వెలుగులో పట్టుకుని, "ఇగ సూడు, ఎంత సాఫుగున్నదో" అంది.

ఆ చలికాలమే యుద్ధం వచ్చింది. హోటల్ రేడియో చుట్టూ ఊరంతా మూగేది. మా గల్లీలో కొడుకో తమ్ముడో ఫౌజులో ఉన్న ఇళ్లలో పొయ్యి సరిగా వెలిగేది కాదు. ఖాలా ఒక్కతే నిమ్మళంగా ఉండేది. కొలిమి ముందు కూర్చుని పక్కింటివాళ్లకు ధైర్యం చెప్పేది.

"మావోని ఇమానం మీద ఒక్క మరక లేదు. డ్రాయింగు సారు నా కండ్ల ముందట తుడిచి సూపించిండు. నాకేం రంది?"

ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా నేను ఇంకో గల్లీ నుంచి తిరిగి పోయేవాణ్ని. ఆమె నిద్రపోతున్నది, నిద్రపోనీ అని ఒక మనసు. ఆమె నిద్ర నువ్వు కాజేసిన సొమ్ము అని ఇంకో మనసు. చెక్కడం మానేశాను. గేటు ముందు లారీలను చూడాలన్నా భయమేసేది. చూస్తే చూపు తిన్నగా ట్యాంకు కిందికే పోయేది.

యుద్ధం ముగిసిన చాలా నాళ్లకు, ఎండలు ముదిరాక, వాడు తిరిగొచ్చాడు. ప్రాణంతో వచ్చాడు, దానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా ముడతపడి, వేళ్లు దగ్గరికి రాకుండా ఉంది. పట్కారు పట్టలేడు. నాతో ఒక్కడితోనే అన్నాడు.

"గదే జాగ. బిగిస్తుంటె అంటుకున్నది. అమ్మీకి మాత్రం మెస్సుల కాగే నూనె పడ్డదని చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు."

ఇంకో అబద్ధం. తల ఊపాను.

ఆ మధ్యాహ్నమే ఖాలా వచ్చింది. కొంగులో విమానం ఉంది. నా బల్ల మీద పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నూనె పడితే బొట్లు బొట్లు కాలుతది బేటా. గది మంట. బుద్ధెరిగిన కాడి నుంచి నేను కొలిమి ముందట కూసున్న, నాకు తెల్వదా?"

ఆమె విమానం ఎడమ రెక్క మొదట్లో వేలు పెట్టింది.

"గప్పుడు నీకు తెల్సా?"

వాడు చెప్పమన్న మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి అనలేకపోయాను.

"అడగలేదు ఖాలా. కానీ తెలుసు."

తిడుతుందనుకున్నాను. వాకిట్లో పెండ్లివాళ్లను కడిగినట్టు నన్ను కడిగేస్తే బాగుండునని ఎదురుచూశాను. ఆమె విమానాన్ని నా వైపు జరిపింది.

"గా మరకలు మళ్ల పెట్టు" అంది. "ముందుగాల ఎడమ రెక్క."

మూలన పడేసిన మసి డబ్బా, మడ్డి సీసా వెతికి తెచ్చాను. మూత బిగుసుకుపోయి రాకపోతే, ఆమే కొంగుతో పట్టి తిప్పి తీసింది. నేను సన్నగా ఒక చుక్క పెట్టాను.

"ఇంక ఎక్కువుండె. నేను సూసిన గద."

ఇంకొంచెం పెట్టాను. వెండిరంగు మీద నల్లగా జారింది. "చీమలు పడతాయి ఖాలా" అన్నాను, ఏదో ఒకటి అనకపోతే ఏడుస్తానేమోనని.

"పట్టనియ్ బేటా. నాకు నిజం చెప్పింది అవే గద" అంది ఖాలా.