సీజన్ కాని నెలల్లో పోయిన మోకాలు

1979 జూన్‌లో నన్ను విశాఖపట్నం పాతనగరంలోని ఒక ఉన్నత పాఠశాలకు వ్యాయామోపాధ్యాయుడిగా వేశారు. ఉత్తర్వులో ఫిజికల్ ఎడ్యుకేషన్ టీచర్, పిల్లల నోట డ్రిల్లు మాస్టారు. ఉపాధ్యాయుల వరసలో మా స్థానం దాదాపు అట్టడుగున. ప్రార్థనలో వరసలు సరిచేయడం, ఆగస్టు పదిహేనుకు కవాతు చేయించడం, అల్లరి పిల్లల్ని ఎండలో నిలబెట్టడం, ఇంతే మా పని అని పైవాళ్ల నమ్మకం. నేను మాత్రం ఫుట్‌బాల్ నేర్పాలనే వెళ్లాను.

స్కూలు ఫుట్‌బాల్‌కు సీజన్ వానాకాలం. మొదట జోన్ పోటీలు, గెలిస్తే జిల్లా, ఆపైన రాష్ట్రం. డిసెంబరుకల్లా అన్నీ ముగిసేవి. మళ్లీ బడులు తెరిచేదాకా ఆట ఉండదు కనుక ఆ నెలలు ఖాళీ అనుకుంటారు. నిజానికి జట్టు తయారయ్యేది అప్పుడే. ముందు విశ్రాంతి, సీజన్‌లో నలిగిన మోకాళ్లు, చీలమండలు మానాలి. తర్వాత సముద్రం ఒడ్డున తడి ఇసుకలో పరుగు, కాళ్లకూ నడుముకూ కసరత్తు. వేసవి చివర్లో గానీ బంతి బయటకు తీయకూడదు. పరుగు, కసరత్తు చేయిస్తుంటే అందరికీ కనిపిస్తుంది. విశ్రాంతి కనిపించదు. అందుకే దాన్ని ఎవరూ పని కింద లెక్కలోకి తీసుకోరు.

మా జట్టుకు సెంటర్ హాఫ్ రహీం. అంటే మైదానం నడుమ నిలబడి ఎదుటివాళ్ల దాడిని తుంచి, మనవాళ్లకు బంతి అందించేవాడు. తొమ్మిదో తరగతి. తండ్రి పాతనగరంలో రేకు పెట్టెలు చేసేవాడు. బంతి ఎక్కడ పడుతుందో రహీంకు అందరికంటే ముందే తెలిసేది. ఊళ్లో పెద్ద సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి జట్లు కట్టుకునే రోజులవి. అలాంటి ఒక జట్టు శిక్షకుడు మా ఆట చూసి, వయసు నిండగానే ఈ కుర్రాణ్ణి ట్రయల్‌కు తీసుకురమ్మని నాతో స్వయంగా చెప్పాడు.

మరుసటి ఏడాది జిల్లా పోటీల్లో రహీం మోకాలు మెలిపడి వాచింది. పెద్దాసుపత్రి డాక్టరు ఉగాది దాకా బంతి ముట్టకూడదన్నాడు. ఆ మాట రహీంకు చెప్పాను, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు చెప్పాను, ప్రధానోపాధ్యాయుడి గదికి వెళ్లి ఆయనకూ చెప్పాను. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అలాగేనన్నాడు.

ఫిబ్రవరిలో జిల్లాల అథ్లెటిక్స్ పోటీలకు అఫీషియల్‌గా, అంటే పరుగుపందేల ఫలితాలు తేల్చే పనికి, నన్ను విజయనగరం పంపారు. అదే వారంలో పాతనగరంలో స్థానిక నాయకుడొకడు తన తండ్రి పేరిట ఫుట్‌బాల్ కప్పు పోటీ పెట్టాడు. ఆ నాయకుడి దగ్గర మంచి అనిపించుకోవాలని మా ప్రధానోపాధ్యాయుడు జట్టును పంపుతానని మాటిచ్చేశాడు. రహీంను గదికి పిలిపించాడు. కాలు బాగోలేదని, మాస్టారు ఆడొద్దన్నారని రహీం చెప్పాడట. ఈ బడికి పెద్ద నేనా, డ్రిల్లు మాస్టారా అని ఆయన అడిగాడట. దాంతో రహీం ఆటకు దిగాడు.

ఆ కాలానికి ఎర్రమట్టి మైదానం ఎండి రాయిలా ఉంటుంది. రెండో సగంలో రహీం బంతి కోసం గిరుక్కున తిరిగాడు. పాదం నేలను పట్టుకుని ఉండిపోయింది, మోకాలు తిరిగిపోయింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయారు. లోపలి నరం, అంటే లిగమెంటు, తెగిందన్నారు.

తిరిగొచ్చి ఈ సంగతి విని నేరుగా వాళ్లింటికి వెళ్లాను. రహీం కాలు తొడ దాకా కట్టులో ఉంది. వాళ్లమ్మ నన్ను కూర్చోమనలేదు.

“మీరు ఆడొద్దన్నారు. ఎడ్మాస్టారు ఆడమన్నారు. ఎవరి మాట ఇనాలో మావోడికేటి తెలుస్తాది మాస్టారూ?”

అక్కణ్ణుంచి బడికి నడిచాను. ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద ఆ కప్పు ఉంది. మేం గెలిచాం మరి. డాక్టరు మాట మీకు చెప్పానా లేదా అని అడిగాను. చెప్పావన్నాడు. బొంకనైనా లేదు.

“సీజనే లేదు కదయ్యా. ఖాళీగా ఉన్న పిల్లలు ఒక మేచ్ ఆడితే నీకేటి నష్టం?”

“వాడు ఖాళీగా లేడు సార్. మోకాలు మానడమే వాడికి పని. ఆ పని మీరు చెడగొట్టారు.”

గొంతు పెరిగిందేమో, పక్కగదిలోని టీచర్లు గుమ్మం దాకా వచ్చారు. ఒక్కరూ లోపలికి రాలేదు. పై కార్యాలయానికి ఫిర్యాదు రాశాను. విచారణ జరగలేదు, పై అధికారితో దురుసుగా ఎందుకు మాట్లాడావో సంజాయిషీ ఇవ్వమంటూ నాకే మెమో వచ్చింది. జూన్‌లో ఊరికి దూరంగా దువ్వాడ వైపు బదిలీ చేశారు. ఆ ఏడాది వార్షికోత్సవంలో కప్పు తెచ్చినందుకు ప్రధానోపాధ్యాయుడికి శాలువా కప్పారు. రహీం పేరు వేదిక మీద ఎవరూ ఎత్తలేదు.

రహీం మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. ట్రయల్ మాట మళ్లీ రాలేదు. తండ్రి పనిలోనే కుదిరాడు. రేకు పని నేల మీద కూర్చుని చేసేది. రహీం మాత్రం ఎత్తు పీట చేయించుకుని, కాలు చాపుకుని పని చేసేవాడు. కొన్నేళ్లకు ఆ వీధిలో పని ఉండి వెళ్తే కేకేసి టీ తెప్పించాడు. కాసేపు ఊరి జట్ల కబుర్లు చెప్పాడు. నేను లేవబోతుంటే అడిగాడు:

“ఆరోజు నాను ఆడనంటే ఎడ్మాస్టారు ఏటి సేసేవోరు సార్?”

గట్టిగా తిట్టేవాడు, అంతకంటే ఏమీ చేయలేకపోయేవాడు అన్నాను. రహీం తలూపి సుత్తి అందుకున్నాడు. బస్సు ఎక్కాక కూడా నా కోపం దిగలేదు. ఇప్పటికీ దిగలేదు, దిగాలని నేను కోరుకోవడమూ లేదు.

ఆ తర్వాత పనిచేసిన ప్రతి బడిలోనూ, చేరిన రోజే ప్రధానోపాధ్యాయుడికి ఒక మాట చెప్పేవాణ్ణి: సీజన్ ముగిశాక పిల్లల్ని ఆడించాలంటే నన్ను అడగాలి, నేను వద్దంటే జట్టు వెళ్లదు. పొగరుబోతునన్నారు. రెండు బడుల్లో ఆ మాటకే బదిలీ అయ్యాను. ఆట లేని నెలల్లో శిక్షకుడు చేయాల్సిన మొదటి పని, కుర్రాడి తరఫున కాదనడం. పెద్దవాళ్ల ముందు కాదనే హోదా కుర్రాడికి ఉండదు.