రాజు తిరిగొచ్చాక

నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. మీ దేశంలో ఇంకా రాజున్నాడు కదా అని మాట కలిపితే ఆమె ముఖం చిన్నబోయింది.

రెండు వందల ఏళ్ల కిందట ఆమె పూర్వీకుడొకాయన, ఫ్రెంచివాళ్లు బంధించిన తన రాజు కోసం యుద్ధం చేశాడట. తిరిగొచ్చిన రాజు, తను లేనప్పుడు జనప్రతినిధులు రాసుకున్న రాజ్యాంగాన్ని రద్దు చేసి, దాన్ని సమర్థించినందుకు ఆయన్నే జైల్లో పెట్టించాడు.

“రాజుని ఎవరూ ఆపలేదా?” అన్నాను.

“కొన్నేళ్లకి సైన్యం తిరగబడి, రాజ్యాంగాన్ని ఒప్పుకునేలా అతని మెడలు వంచింది. కానీ పరాయి సైన్యం వచ్చి సర్వాధికారం మళ్లీ అతనికే ఇచ్చింది. చివరికి చావే ఆపింది. మా పూర్వీకుడు సైన్యం తిరగబడక ముందే జైల్లో పోయాడు.”

“మా వైపైతే అలాంటి మనిషి పేరు మనవలకి పెట్టుకుంటాం,” అన్నాను ఓదార్పుగా.

“మాకూ అదే ఆచారం. కానీ రాజుదీ ఆయనదీ ఒకే పేరు. అది వింటే మాకు రాజే గుర్తొస్తాడు, మా పెద్దాయన కాదు.”