ఎండకి డేటా కట్టేస్తే

మా రెంటచింతల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. మధ్యాహ్నం ఫోన్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అందుకే మా వీధిలో అందరికీ ఒక అలవాటు. ఫోన్ వేడెక్కగానే డేటా కట్టేస్తాం, కాస్త తెరిపిన పడ్డాక మళ్ళీ వేస్తాం. ఇందులో తప్పుంటుందని మాకెవరికీ తోచలేదు.

మా అక్క ఇంట్లోనే మిషను కుడుతుంది. ఊళ్ళో ఆమెని ఫలానా వాళ్ళ అమ్మాయి అంటారు, అంతే. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆటలో మాత్రం ఆమె గురి అంటే ఎక్కడెక్కడి వాళ్ళకో హడల్. కుట్టుపని తెమిలాక ఏళ్ళ తరబడి ఆడి పెంచుకున్న ఐడీ ఆమెది. ఆమెకంటూ ఉన్న పేరు అదొక్కటే.

ఆ ఆటలో ఒక లోపం ఉంది. కొండ పక్కనున్న పెద్ద రాయికి ఆనుకుని పడుకుని లేస్తే రాయి లోపలికి దూరిపోవచ్చు. లోపలున్నవాడికి బయటంతా కనిపిస్తుంది, బయటివాళ్ళ తూటా వాడికి తగలదు. మనమూ నేర్చుకుందామని నేనంటే అక్క కయ్యిమంది.

"సిగ్గులేదంట్రా? దాక్కొని కాల్చేదానికి ఆటెందుకు? ఎదురుగా నిలబడి గెలుద్దాం. లేదంటే ఓడిపోదాం."

జంటల పోటీలో అక్కా నేనూ ఫైనల్ దాకా వెళ్ళాం. ఆ ఫైనల్ కాస్తా మిట్టమధ్యాహ్నం పెట్టి చచ్చారు. ఎదుటి జంట మొదట్లోనే రాయిలో దూరింది. అయినా అక్క వెనక్కి తగ్గలేదు. ఇంతలో ఆమె ఫోన్ సెగలు కక్కటం మొదలుపెట్టింది.

"ఏమే, ఆ ఫోను పేలిపోద్ది! డేటా కట్టెయ్యి," అని వంటింట్లోంచి అమ్మ అరిచింది.

అక్క అలవాటు ప్రకారం కట్టేసింది, మళ్ళీ వేసింది. అలా చేస్తే అవతలివాళ్ళకి మన బొమ్మ నిలిచిపోయి, ఉన్నట్టుండి ఇంకోచోట లేస్తుందట. కావాలని అలా చేసే మోసగాళ్ళున్నారట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. రాయిలో ఉన్నవాళ్ళే ఫిర్యాదు చేశారు. ఆట మధ్యలోనే కంపెనీవాళ్ళు అక్క ఐడీని మోసం కింద శాశ్వతంగా మూసేశారు. కప్పు రాయిలో ఉన్నవాళ్ళకి పోయింది.

వచ్చీరాని ఇంగ్లీషులో మా ఎండ గురించి, ఫోన్ గురించి అంతా కంపెనీకి రాసి పంపాను. పంపిన మరుక్షణమే జవాబు. పరిశీలించారట, నిర్ణయం మారదట. ఎవడైనా చదివితే కదా! నా ఒళ్ళు మండిపోయింది. పోట్లాడదామంటే అవతల మనిషే లేడు.

"వాళ్ళకి మన ఎండ సంగతి ఎవరు చెప్తార్రా?" అంది అక్క.

బ్లౌజు తీసుకెళ్ళటానికి వచ్చిన పక్కింటి పిన్ని మాత్రం నవ్వుతూ అడిగేసింది, "ఏమే, దొంగాట ఆడావంటగా?" అక్క తలెత్తకుండా దారం కొరికి బ్లౌజు చేతికిచ్చింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా ఫోన్ అడిగి తీసుకుంది. నా ఐడీతోనే ఆట తెరిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది, పక్కన కూర్చున్నాను. ఆమె ఎవరితోనూ తలపడలేదు. తిన్నగా కొండ దగ్గరికి వెళ్ళి, రాయికి ఆనుకుని పడుకుని లేచింది. లోపల కూర్చుని, వచ్చినవాళ్ళని వచ్చినట్టు కాల్చింది.

"అక్కా, ఇదేంది?" అన్నాను.

"గెలుస్తున్నాగా," అంది.

ఇప్పుడు ఆదివారాలు అలాగే ఆడుతోంది. నా ఐడీని ఇంతవరకూ ఎవరూ ఆపలేదు.