లయల్ వంతు మడుగులు

మా పెదనాన్న క్లెమ్ నలభై ఏళ్ళు కొండదారుల మీద రోడ్డు చదును చేసే గ్రేడర్ బండి నడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. నోరు దురుసు గానీ మనసు వెన్న అని ఊరంతా అనేది. ఆయనకు తెలిసిన సరదా ఒక్కటే, వాటిల్ ఏట్లో ట్రౌట్ చేపలకు గాలం వేయడం.

మా ఏటికి ఇద్దరు కలిసి వెళితే వంతులు పాటిస్తారు. ఈ మడుగు నీది, పై మడుగు నాది. పెదనాన్న, మా నాన్న లయల్ చిన్నప్పటి నుంచీ అలాగే పట్టారు. ఇరవై రెండేళ్ళ కిందట, మా దేశంలో చలికాలం మొదలయ్యే జూన్‌లో, చేపలు పట్టే సీజను ముగిసే రోజు, నాన్న ఏరు దాటుతూ కొట్టుకుపోయాడు. పెదనాన్న మాత్రం వంతులు మానలేదు. తన మడుగులో గాలం వేస్తాడు. తర్వాతి మడుగు దగ్గర ఊరికే నిలబడతాడు, ఒక మనిషి అందులో చేపలు పట్టి ముగించేంత సేపు.

"క్లెమ్, మీ తమ్ముడి మడుగుల్లో చేపలకి గడ్డాలొచ్చేశాయయ్యా!" అని పబ్బులో ఆయన నేస్తం డెస్ ఎగతాళి చేసేవాడు.

"వాడి వంతు. కావాలంటే వాణ్ణే అడుగు."

ఆ మాటకి ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

ఈ ఏడు ఆయన తుంటి బాగా అరిగిపోయింది. ఇక నీళ్ళలో దిగొద్దన్నాడు డాక్టరు. సీజనుకు ఆఖరి రోజు ఆయనకూ ఆఖరి రోజే. అందుకే వెంట వెళ్ళాను. నాన్న మడుగులో ఒక్కసారైనా ఆయన చేత గాలం వేయించి, ఆ బరువు దించాలని నా పంతం.

పొద్దుటి నుంచీ ఒక్క చేపా కదల్లేదు. గాలపు తాడు మీద పేరుకున్న మంచును గోళ్ళతో గీరుకుంటూ నడిచాం. మధ్యాహ్నం చల్లటి గొర్రెమాంసం శాండ్‌విచ్‌లు తిన్నాం. ఆయన మూడు పొట్లాలు కట్టుకొచ్చాడు. మూడోది ఎవరికని నేనడగలేదు.

నాన్న మడుగు వచ్చినప్పుడల్లా పెదనాన్న ఆగిపోయేవాడు. ఆయన చూపు ఖాళీ నీళ్ళ మీద మెల్లగా ఎగువకు జరిగేది, ఎవరో నడుస్తున్నట్టు. "పడలేదా? పోన్లే, పద," అనేవాడు. నాకు భయమేసింది, దాచుకోవడం దేనికి!

మూడింటికి వంతెన దిగువ మడుగు చేరాం. పెద్ద చేప ఒకటి పైకి తేలి పురుగులు అందుకుంటోంది. నాన్న వంతు.

"వెయ్, పెదనాన్నా."

"వాడిది."

"నాన్నదంటే నాదేగా. నా వంతు నీకిస్తున్నా, వెయ్."

ఆయన మొహం పాలిపోయింది. "వాడూ ఇదే మాటన్నాడే."

"ఎప్పుడు?"

"ఆ రోజే. నాకేమీ పడలేదని జాలిపడి వంతిచ్చాడు. ఇదే మడుగు. వాడు నా వెనక దిగువన ఏరు దాటబోయాడు. అప్పుడే నాకు చేప పడింది. రెండుసార్లు పిలిచాడమ్మా."

"వినపడనంత దూరంలో ఉన్నానన్నావుగా!"

"వినపడింది. చేప ఎక్కడ తెంపుకుపోతుందోనని తల తిప్పలేదు."

కోపంతో నా కళ్ళు బైర్లు కమ్మాయి. ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం ఈయనకు వండిపెట్టాను. నాన్న కోసం ఈయన భుజం మీదే ఏడ్చాను. ఒడ్డెక్కి వంతెన వైపు నడిచాను.

"బ్రాన్!" అని వెనక నుంచి పిలుపు. తిరగలేదు. అరవనీ అనుకున్నాను.

"బ్రాన్!" మళ్ళీ.

వెనక్కి తిరిగాను. నా వెంట రాబోయి జారినట్టున్నాడు. నడుములోతు నీళ్ళలో, తుంటి పట్టేసి, ఒడ్డున వంగిన విల్లో చెట్టు కొమ్మకు వేలాడుతున్నాడు. పరుగెత్తాను. చంకల కింద చేతులేసి ఒడ్డుకు లాగేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

"వదిలేసి పోతావనుకున్నా," అన్నాడు వణుకుతూ.

"పోయేదాన్నే. రెండోసారి పిలవకపోతే తిరిగి చూసేదాన్నే కాదు."

పెదనాన్న నా మొహంలోకి చూశాడు. తర్వాత నీళ్ళ వైపు చూశాడు.

"నేను పిలిచింది ఒక్కసారే, బ్రాన్."