కర్నూలు టేపా, కడప టేపా?

ఆ రోజుల్లో మనిషి గొంతు మనిషితోనే వచ్చి మనిషితోనే పోయేది. ఇప్పటి పిల్లలు జేబులోంచి ఫోను తీసి కాకి అరుపును కూడా పట్టి దాచుకుంటారు. మళ్ళీ వింటారా అంటే వినరు. మా సంగతి అలా కాదు. ఒకసారి విన్న పద్యం మళ్ళీ వినాలంటే ఆ నటుడు మళ్ళీ మా ఊరికి రావాలి, నాటకాల కాంట్రాక్టరు మళ్ళీ పందిరి వేయించాలి, హార్మోనియం వాయించే ఆయనకు ఆ పూట ఒంట్లో బాగుండాలి. ఇన్నీ కుదిరి పద్యం బాగా పడిందంటే "వన్స్ మోర్" అని గొంతు చించుకునేవాళ్ళం. నటుడు అప్పటికే చచ్చిపడి ఉన్నా సరే, లేచి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవలసిందే. అది ప్రేక్షకుల హక్కు. (ఆ హక్కు ఎప్పుడు పోయిందో, ఎవరు తీసేశారో నాకు తెలియదు. తెలిస్తే ఊరికే వదలను.)

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్ది ఏళ్ళలో నేను అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తాను. అది పొట్టకూటి ఉద్యోగం. నా అసలు ఉద్యోగం రాగాలప్ప పద్యాలు వినడం. రాగాలప్ప అంటే మేము పెట్టుకున్న పేరు, అసలు పేరు చెబితే ఇప్పుడు ఎవరికీ తెలియదు. రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలైన రాజు వేషానికి సీమ మొత్తానికీ ఆయన ఒక్కడే. పద్యం చివర ఆయన రాగం ఎత్తుకుంటే, బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయినవాడు తీరిగ్గా తిరిగివచ్చేసరికి కూడా ఆ రాగం ఇంకా దిగేది కాదు. అంతటి మనిషికి ఒక పట్టుదల ఉండేది. గొంతు పెట్టెలోకి పోతే మనిషిలో తరిగిపోతుందని ఆయన నమ్మకం. గ్రామఫోను వాళ్ళు వచ్చి బతిమాలితే వాకిట్లోంచే పొమ్మన్నాడట. గొంతు పట్టే పెట్టె పందిట్లో కనబడితే మొహానికి రంగు పూసుకోనని కాంట్రాక్టరుకు ముందే చెప్పేవాడు.

అడిగితే ఇవ్వనివాడి దగ్గర దొంగిలించక ఏం చేస్తాం? నా స్నేహితుడు మైకుసెట్ సాయబు మద్రాసు నుంచి ఒక టేపు రికార్డరు తెప్పించాడు. ట్రంకు పెట్టెంత ఉండేది. దానితో పాటు వచ్చిన టేపు ఒకటే. ఇంకొకటి మద్రాసులో కూడా దొరకడం లేదు. కొత్తగా ఏదైనా పట్టాలంటే పాతదాని మీదే పట్టాలి, అప్పుడు పాతది తుడిచిపెట్టుకుపోతుంది. "అరే భాయ్, భయమెందుకు? ఆయప్ప గొంతు ఆయప్ప కాడనే ఉంటాది. మనం నీడను పట్టుకుంటాండాం, అంతే" అన్నాడు సాయబు. పెట్టెను మైకుసెట్టు పక్కన గోనెసంచి కింద దాచాడు. ఒక తీగ చాపల కింది నుంచి లాగి, దాని చివరి మైకును తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. ముందు వరసలో కూర్చుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు దాన్ని పట్టుకుని నాటకమంతా చూశాను. పద్యం టేపులో పడింది! తర్వాత ప్రతి ఆదివారం సాయబు అంగడి వెనక గదిలో తలుపులు మూసి అదే వినేవాళ్ళం. ఈ లోకంలో ఇంతటి ఆస్తి ఇంకెవరికీ లేదనుకునేవాణ్ణి.

ఆ సంతోషం మా బావ వచ్చేదాకానే. కడపలో చెనిక్కాయల మిల్లు నడిపే మా అక్క మొగుడు ఏదో పని మీద కర్నూలు వచ్చాడు. మురిపెంగా ఆయనకు టేపు వినిపించాను. విని, మీసం దువ్వుకుని, "ఇది నా కాడ గూడా ఉండాది లే అబ్బీ. నేనూ మిషను కొన్న్యా. కడప నాటకంలో ఇదే పద్యం పట్టినా. ఆయప్ప అసలు సరుకు మా ఊళ్ళో దించి, మిగిలిన తాలు మీకు పోసినాడు" అన్నాడు. తాలు! మా రాగాలప్ప కర్నూల్లో పాడింది తాలట! అన్నం సహించలేదు నాకు. బంధువు కాబట్టి బతికిపోయాడు. రెండు టేపులూ ఒకే మిషను మీద పెట్టి నలుగురి ముందర తేల్చుకుందాం, కడపకు రమ్మన్నాడు. వస్తానన్నాను. రానని అనేంత పిరికివాణ్ణా?

దుమ్ము పడకుండా టేపును టిఫిన్ డబ్బాలో పెట్టి, డోన్‌లో ఒక బండి, గుంతకల్లులో ఇంకో బండి మారి కడప చేరాను. (దారిలో ఒక ముసలాయన ఆ డబ్బా వైపు ఆశగా చూసి, "ఏముండాదప్పా, చిత్రాన్నమా?" అని అడిగాడు. "పద్యం" అన్నాను. మళ్ళీ నాతో మాట్లాడలేదు.) మరునాటి పొద్దున బావ ఇంటి నడవలో వీధివాళ్ళందరూ కూర్చున్నారు. ముందు కడప టేపు. బావ మైకుసెట్టు తీగకే నేరుగా తగిలించి పట్టాడేమో, పద్యం కడిగిన ముత్యంలా వచ్చింది. బాగుందా అంటే బాగుంది. ఆ మాట నేను అక్కడ అంటానా? "గొంతు రాచుకున్నట్టుండాది" అన్నాను.

తర్వాత నాది. పద్యం మొదలైన కాసేపటికి బావ చెయ్యెత్తి, "అబ్బీ, పాడేది రాగాలప్ప గదా, మధ్యలో ఈ 'ఆహా, అబ్బబ్బా, కానీ కానీ' ఎవురిది?" అన్నాడు. నాది. మైకు నా ఒళ్ళో ఉంది మరి. కర్నూల్లో అన్ని ఆదివారాలు విన్నా మాకెవరికీ అది తప్పుగా తోచలేదు. విన్న ప్రతిసారీ మేమూ ఆహా అంటూనే ఉంటిమి కదా! వీధివాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆహా అనకుండా ఎట్ల వింటారు బావా? మీ టేపులో ఒక్కడన్నా నోరు తెరిచినాడా? మనుషులు కూసున్న్యారా, చెనిక్కాయ మూటలు దించినారా?" అన్నాను. లోపలి నుంచి అక్క, "ఇద్దరికీ బుద్ధి లేదు. ఆ పెద్దాయన అన్నానికొచ్చే యాళయింది. ఆ పెట్టె దాచిపెట్టండి ముందు" అని కేకేసింది.

అసలు సంగతి అది. ఆ సాయంత్రం కడపలో మళ్ళీ రాగాలప్ప నాటకం. మధ్యాహ్నం మా బావ ఇంట్లో ఆయనకు భోజనం. ఆయన వచ్చేలోపు మిషను మీద దుప్పటి కప్పేయాలని మా ఏర్పాటు. మాటా మాటా పెరిగి మేమది మరిచిపోయాం. నా టేపు తిరుగుతూనే ఉంది. అంతలో వాకిట్లో జట్కా ఆగింది, చెప్పులైనా విడవకుండా రాగాలప్ప నడవలోకి వచ్చి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. అయిపోయింది మా పని అనుకున్నాను.

"ఎవుడప్పా వీడు?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. "నా పద్యం పాడతాండాడే, ఎవుడు వీడు? గొంతేంది, మేక గొంతు! రాగమేంది, సాగదీసిన జీడిపాకం! పైగా వానికి ఆహా ఆహా అనే గాడిద ఒకటి!"

జన్మలో ఎన్నడూ తన గొంతు తాను వినని మనిషికి అది తన గొంతని ఎలా తెలుస్తుంది? ఎవడో తనను చూసి పాడి రికార్డు ఇచ్చాడనుకున్నాడు. మీదే అని చెబితే మా దొంగతనం బయటపడుతుంది. మా బావ తల గోక్కుని, "ఎవురో ఆదోని మనిషంట అన్నా. మావోడు కర్నూలు నుంచి తెచ్చినాడు" అన్నాడు. నా టేపును ఆదోని వాడికి అంటగట్టాడు! తనదాన్ని మాత్రం ఒళ్ళో భద్రంగా పెట్టుకున్నాడు. గాడిద అన్న మాట దిగమింగుకున్నాను గానీ ఇది మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

"ఆపు దాన్ని. పద్యమంటే ఏందో చెప్తా, కూసోండి" అన్నాడు రాగాలప్ప. కండువా నడుముకు బిగించాడు. రంగు లేదు, కిరీటం లేదు, హార్మోనియం లేదు. కోపం ఒకటే ఉంది. అందుకున్నాడు. అయ్యా, ఏం చెప్పను! రాజ్యం పోయిన రాజు ఆ నడవలోనే నిలబడ్డాడు. రెండు టేపుల్లో పాడింది ఆయన కాదేమో, నిజంగానే ఎవడో ఆదోని మనిషేమో అనిపించింది. వంటింట్లో అక్క గరిటె చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు చూశాను, బావ చెయ్యి మెల్లగా మిషను మీద గొంతు పట్టే ఎర్రమీట వైపు పోతోంది. మైకు తగిలించే ఉంది. మిషను మీద ఉన్నది నా టేపు! గభాలున మణికట్టు పట్టుకున్నాను. "నీది పెట్టు" అన్నాను గొంతు లోపల్లోపలే. "అంత టైము లేదు, వదుల్రా" అన్నాడు. "కర్నూలు తుడిచిపెట్టేస్తావా?" అన్నాను. "మేక గొంతన్న్యాడు గదరా దాన్ని!" అన్నాడు. అటు రాగం ఆకాశంలో ఉంది, ఇటు మేమిద్దరం ఎర్రమీట మీద కుస్తీ పడుతున్నాం. రాగం దిగింది. పద్యం అయిపోయింది.

ఇద్దరం ఒక్కసారే "వన్స్ మోర్!" అని అరిచాం. రాగాలప్ప మా వైపు జాలిగా చూసి, "అది స్టేజీ మీదప్పా. ఈడ అన్నం" అని కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు.

ఆ తర్వాత ఆయన గొంతు ఎన్నిసార్లో విన్నాను గానీ అలా మళ్ళీ వినలేదు. ఆయన పోయి చాలా కాలమైంది. నేనూ బావా ఏ పెళ్ళిలో కలిసినా ముందు క్షేమసమాచారాలు కాదు. "నీదాని మీద పట్టనిచ్చింటే" అని ఆయన, "నీది ఒళ్ళోనే ఉండె గదా" అని నేను. వియ్యంకుల మధ్య కూర్చుని కూడా అరుచుకునేవాళ్ళం. మొన్న బావ కూడా పోయాడు. కర్మ అయ్యాక అక్క ఆ కడప టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ బావ నీకిమ్మన్న్యాడు రా" అంది.

ఇప్పుడు రెండూ నా దగ్గరే ఉన్నాయి, పక్కపక్కనే. వాటిని తిప్పే మిషను ఎక్కడా లేదు. అప్పుడప్పుడు బయటికి తీసి తుడుస్తుంటాను. "సరే బావా, నాదాని మీదే పట్టుకో, తుడిచిపెట్టుకో" అనాలనిపిస్తుంది. కానీ మణికట్టు వదిలినా మీట నొక్కే చెయ్యేదీ?

అయినా న్యాయం న్యాయమే. ఆ రోజు తప్పు మాత్రం ముమ్మాటికీ బావదే.